గొర్రెల మంద, అఖండ దీపం

రామచంద్రపురం
ఆదివారం సాయంత్రం

చి.సౌ. సుధకు,
అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గింది, పొద్దున్నే గుడిదాకా నడిచి వస్తున్నారు. అల్లుడుగారినీ బాబునీ అడిగానని చెప్పు.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిన మాట రెండు రోజులుగా నా మనసులోనే తిరుగుతోంది. అమెరికాలో మీ ఊరి తెలుగువాళ్లు కలిసి అక్కడి యూనివర్సిటీలో తెలుగుకి ఒక ప్రొఫెసర్ పదవి పెట్టించాలనుకుంటున్నారు, లెక్కలు చూసే పని నీకు అప్పగించారు. "ఎంత పోగుచేయాలమ్మా? ఇచ్చేశాక మన మాట చెల్లుతుందా?" అని అడిగావు. అప్పుడు సగం సగం చెప్పాను. ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకులో ట్రస్టుల డిపాజిట్లు చూసినదాన్ని. నీ ఫోన్ తర్వాత కూర్చుని ఇంకొంత చదివాను. అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదువు.

చిన్నప్పుడు నిన్ను ద్రాక్షారామం తీసుకెళ్లినప్పుడల్లా భీమేశ్వరుడి గుళ్లో రాళ్ల మీద రాతలు చూపించేదాన్ని, గుర్తుందా? వాటిలో చాలా శాసనాలు అఖండ దీపాల గురించే. దీపం పెట్టించాలనుకున్నవాళ్లు నెయ్యి కొని ఇచ్చి ఊరుకునేవారు కాదు. ఒక గొర్రెల మందనో ఆవుల మందనో కాపరికి అప్పగించేవారు. రోజూ ఇంత నెయ్యి గుడికి పోయాలని రాయించేవారు. పిల్లలు పుట్టి మంద తరగకుండా ఉన్నంతకాలం, ఇచ్చినవాళ్లు పోయినా దీపం వెలుగుతుంది. మందనే కోసుకు తింటే ఆర్నెల్లలో ఆరిపోతుంది. మీరు ఎండోడ్ చెయిర్ అంటున్నది కూడా ఇదే. మీరు ఇచ్చే డబ్బు మంద, ఏటా దానిమీద తీసే సొమ్ము నెయ్యి, ఆ ప్రొఫెసర్ దీపం.

అక్కడి యూనివర్సిటీలు ఆ డబ్బుని మనలా విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయవు. వందలు, వేల నిధుల్ని ఒకే పెద్ద నిధిలో కలిపి షేర్లలో, బాండ్లలో, ఇంకా రకరకాల వాటిలో పెడతాయి. మ్యూచువల్ ఫండ్‌లో ఉన్నట్టే మీ వంతుకి యూనిట్లు రాసుకుంటాయి. ఏటా నాలుగు నుంచి ఐదు శాతం వరకు ఖర్చుకి తీస్తాయి. ఒక ఏడాది మార్కెట్ పడిందని ప్రొఫెసర్ జీతం పడిపోకూడదు కాబట్టి, సాధారణంగా గత మూడేళ్ల విలువ సగటు మీద ఆ శాతం లెక్కకడతాయి. వచ్చిన రాబడిలో మిగిలింది మళ్లీ అసల్లో కలుస్తుంది. దూడకి వదలకుండా పాలన్నీ పిండేసుకుంటే రేపు పాడి ఉండదు కదా.

ఆ మిగల్చడం ఎంత ముఖ్యమో మన ఇంట్లోనే చూశాం. మీ తాతయ్య 1978లో ఒక కాలేజీలో 5,000 రూపాయలు డిపాజిట్ చేసి, తెలుగులో ఫస్ట్ వచ్చిన పిల్లలకి ఏటా బంగారు పతకం ఇవ్వమన్నారు. మొదట్లో నిజంగానే బంగారం ఇచ్చారు. వచ్చిన వడ్డీ వచ్చినట్టే ఖర్చుపెట్టారు, అసలు 5,000 దగ్గరే ఆగిపోయింది. బంగారం ధర ఆగలేదు. కొన్నేళ్లకి వెండికి బంగారు పూత వేసి ఇచ్చారు. ఆ తర్వాత ఉత్త వెండి. ఇప్పుడు తాతయ్య పేరు అచ్చువేసిన సర్టిఫికెట్ ఇస్తున్నారు. ఎవరూ తినేయలేదు, లెక్క పైసలతో సహా సరిగ్గా ఉంది. అయినా పతకం పోయింది. ఏటా వడ్డీలో మూడో వంతైనా అసల్లో కలపాలని తాతయ్య ఒక్క వాక్యం రాయించి ఉంటే ఇంత త్వరగా ఇలా అయ్యేది కాదు. ఆ వాక్యం గురించి నేనైనా ఆలోచించలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది. నీ చేత ఆ పొరపాటు జరగకూడదు.

ఎంత కావాలన్నది ఆ యూనివర్సిటీనే అడగాలి, ఒక్కో చోట ఒక్కో లెక్క. లెక్క కట్టే పద్ధతి మాత్రం చెబుతాను. 20 లక్షల డాలర్లు పోగైతే, నాలుగున్నర శాతం చొప్పున ఏటా 90 వేలు వస్తుంది. జీతం, ఇన్సూరెన్స్, పెన్షన్ అన్నీ కలిపితే ఒక్క మనిషికి అది చాలకపోవచ్చు. ఐదు లక్షల డాలర్లయితే వచ్చేది 22,500. దాంతో ఏడాదికి ఒకటో రెండో కోర్సులు చెప్పించొచ్చు, పిల్లలకి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. ప్రొఫెసర్ పదవి అయితే రాదు. హార్వర్డ్‌లో తమిళ పీఠం (ఇలాంటి చెయిరే) కోసం 60 లక్షల డాలర్లు పోగుచేశారు. 2015లో ఇద్దరు డాక్టర్లు చెరో ఐదు లక్షలతో మొదలుపెట్టారు. తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి చిన్న చిన్న మొత్తాలు ఇచ్చినవాళ్లు ఉన్నారు, తమిళనాడు ప్రభుత్వం పది కోట్ల రూపాయలు ఇచ్చింది. అయినా మూడేళ్లు పట్టింది. కాబట్టి మీ కమిటీలో ఎవరైనా ఒక్క దీపావళి విందుతో పని అయిపోతుందంటే ఈ అంకెలు ముందు పెట్టు.

మనవాళ్లు చేయలేదని కాదు. అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీలో కొప్పాక కుటుంబ ఫౌండేషన్ ఇచ్చిన నిధితో తెలుగు సంస్కృతి, సాహిత్యం, చరిత్రలకి విశ్వేశ్వరరావు, సీత కొప్పాక గార్ల పేరుతో ప్రొఫెసర్ పదవి ఉంది. విస్కాన్సిన్‌లో చాలా ఏళ్లు తెలుగు చెప్పిన వెల్చేరు నారాయణరావు గారి పదవి పేరు కృష్ణదేవరాయ ప్రొఫెసర్. అమెరికాలో ఒక క్లాసు తలుపు మీద రాయలవారి పేరు ఉందని మొదటిసారి విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు అసలైన ప్రశ్న. ఇది మీ కమిటీలో ఎవరూ అడగలేదని నా అనుమానం. మీ డబ్బుతో వచ్చేది కొత్త పదవా, ఉన్న పదవికి కొత్త పేరా? రెండూ మామూలుగా జరిగేవే. రెండోదాంట్లో, అప్పటికే జీతం తీసుకుంటున్న ప్రొఫెసర్‌కి ఈ చెయిర్ గౌరవంగా ఇస్తారు. నిధి నుంచి వచ్చేది ఆయన జీతంలో కొంత భాగానికో, పరిశోధన ఖర్చులకో వెళుతుంది, యూనివర్సిటీ బడ్జెట్‌లో అంత మిగులుతుంది. అందులో మోసం లేదు, మంచివాళ్లని వేరే చోటికి పోనివ్వకుండా నిలుపుకోడానికి అదొక దారి. కానీ మీ ఊళ్లో ఇవాళ తెలుగు చెప్పేవాళ్లే లేనప్పుడు మీకు కావలసింది మొదటిది. ఆ మాట ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. "దక్షిణాసియా అధ్యయనాలు" అని రాసి సంతకం పెట్టించుకుంటే, పదేళ్ల తర్వాత ఆ కుర్చీలో తెలుగు రానివాళ్లు కూర్చున్నా మీరు ఏమీ అనలేరు. తెలుగు భాష, సాహిత్యం అన్న మాటలు ఉండాలి.

ఇక రెండో ప్రశ్న, మన మాట చెల్లుతుందా అన్నది. ఏ సబ్జెక్టుకో మీరు చెప్పొచ్చు. ఎవరిని వేయాలో చెప్పకూడదు. ఆ ఎంపిక అక్కడి అధ్యాపకులది, డీన్‌ది. యేల్ యూనివర్సిటీకి లీ బాస్ అనే ఆయన 1991లో రెండు కోట్ల డాలర్లు ఇచ్చారు. ప్రొఫెసర్ల నియామకంలో తన ఆమోదం కూడా ఉండాలన్నారు. 1995లో యేల్ ఆ డబ్బంతా తిరిగి ఇచ్చేసింది. మంచి పనే చేసిందంటాను. డబ్బిచ్చినవాళ్ల ఇష్టాన్ని బట్టి మేష్టారు మారితే ఆ చదువుకి ఏం విలువ?

దాత ఉద్దేశం ఎంతకాలం నిలుస్తుందో ఆక్స్‌ఫర్డ్ సంస్కృత పీఠం చూస్తే తెలుస్తుంది. ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యంలో పనిచేసిన జోసెఫ్ బోడెన్ 1811లో పోయారు. ఆయన వీలునామా ప్రకారం దాదాపు 25,000 పౌండ్లు ఆక్స్‌ఫర్డ్‌కి చేరాయి. సంస్కృతం నేర్పితే భారతీయుల్ని క్రైస్తవంలోకి మార్చడం సులువవుతుందని ఆయన ఉద్దేశం. 1860లో ఆ పదవికి ఎన్నిక జరిగింది. మోనియర్ విలియమ్స్‌కి 833 ఓట్లు, మాక్స్ ముల్లర్‌కి 610. అంత పెద్ద పండితుడు ఓడిపోవడానికి ఆ మత ఉద్దేశం కూడా ఒక కారణం. తర్వాత 1882లో ఆ ఉద్దేశాన్ని నిబంధనల్లోంచి తీసేశారు. పీఠం ఇవాళ్టికీ ఉంది, అక్కడ సంస్కృతం చదువుతూనే ఉన్నారు. బోడెన్ షరతు పోయింది, ఆయన పెట్టిన చదువు మిగిలింది.

మన దేశంలో కథ ఇంకా బాగుంటుంది. కలకత్తా లాయరు తారక్‌నాథ్ పాలిత్ 1912లో తన ఆస్తి కలకత్తా యూనివర్సిటీకి రాసిచ్చి, భారతీయులు మాత్రమే కూర్చునేలా సైన్స్ పీఠాలు పెట్టించారు. ఫిజిక్స్ పీఠానికి యూనివర్సిటీ తరఫున అశుతోష్ ముఖర్జీ సి.వి. రామన్‌ని పిలిచారు. చిన్నప్పుడు మన విశాఖపట్నంలో చదువుకున్న రామన్‌గారే. అప్పటికి ఆయన ప్రభుత్వ అకౌంట్స్ శాఖలో పెద్ద ఉద్యోగి. జీతం బాగా తగ్గుతుందని తెలిసే 1917లో వచ్చారు. ఆ పీఠానికి విదేశాల్లో శిక్షణ పొందాలన్న షరతు ఉండేది. రామన్ వెళ్లనన్నారు. షరతు సడలించారు. 1930లో ఆయన నోబెల్ అందుకున్నది పాలిత్ ప్రొఫెసర్‌గానే. పాలిత్ 1914లోనే పోయారు, ఆ రోజు చూడలేదు. ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు తాతయ్య గుర్తొస్తారు.

ఒప్పందం చేతికొచ్చాక కొన్ని చోట్ల వేలు పెట్టి చదువు. మాటిచ్చిన సొమ్ము ఎన్నేళ్లలో చెల్లించాలి, మొత్తం చేరేదాకా పదవి మొదలవుతుందా లేదా? ప్రొఫెసర్ రిటైరై కుర్చీ రెండేళ్లు ఖాళీగా ఉంటే ఆ రాబడి అసల్లో కలుస్తుందా, మరో ఖర్చుకి పోతుందా? మార్కెట్ కుప్పకూలి విలువ మీరిచ్చిన దానికంటే తగ్గితే ఆ ఏడాది ఎంత తీస్తారు? రేపు ఆ విభాగమే మూసేస్తే డబ్బు ఎటు వెళుతుంది? అన్నిటికంటే నాకు టెన్షన్ ఈ చివరిదే. విదేశీ భాషల విభాగాలు మూతపడటం అక్కడ కొత్త కాదు. "ఆ యూనివర్సిటీలోనే తెలుగుకి దగ్గరగా ఉన్న మరో పనికి" అని రాయించు. ఏటా లెక్కల నివేదిక పంపాలని కూడా రాయించు. అది అడగడం మీ హక్కు, ఏ యూనివర్సిటీ తప్పుగా అనుకోదు.

పోయిన వారం నేనూ నాన్నగారూ ఆ కాలేజీకి వెళ్లాం. తాతయ్య నిధిలో ఇంకో రెండు లక్షలు వేసి, ఏటా వడ్డీలో మూడో వంతు అసల్లో కలపాలని కొత్త కాగితం రాయించాం. ఇక బంగారం వద్దన్నాం. ఫస్ట్ వచ్చిన పిల్లకి ఆ ఏడాది పుస్తకాల ఖర్చు ఇమ్మన్నాం. ప్రిన్సిపాల్ మేడమ్ ఆ పిల్లని పిలిపించారు. అమలాపురం వైపు పల్లెటూరు, ఎమ్మే తెలుగు చదువుతానంది. సుధా, ఆ పిల్ల ఏదో ఒక రోజు మీ యూనివర్సిటీ దాకా రావచ్చు.

మీ డ్రాఫ్ట్ సిద్ధమయ్యాక ఫోన్లో ఫొటోలు తీసి పంపకు, నా కళ్లకి ఆనవు. మొత్తం ఫైలు పంపితే నాన్నగారు బజార్లో ప్రింట్ తీయిస్తారు. విభాగం మూసేస్తే ఏమవుతుందన్న పేరా దగ్గర గుర్తుపెట్టి పంపు, ముందు అదే చదువుతాను.

ఆశీస్సులతో,
అమ్మ