శీనుగాడికి, మిల్లుగలాయన కొడుకు గురించి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. ఆలస్యానికి ఎంతైనా తిట్టు, పడతాను. ఇక్కడ అందరం కులాసా, చిన్నదానికి దగ్గు తగ్గింది. ఇక అసలు సంగతి.

నిన్న లండన్ నేషనల్ గ్యాలరీలో జాన్ కానిస్టబుల్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు వేసిన 'హే వెయిన్' (అంటే గడ్డిబండి) చూశాన్రా! 1821 నాటి బొమ్మ, వెడల్పే ఆరడుగులు. ఏట్లో దిగిన ఖాళీ గడ్డిబండి, గుర్రాల మెడపట్టీల మీద ఎర్రరంగు, ఒడ్డున బండినే చూస్తున్న కుక్క. చూస్తుంటే నువ్వే గుర్తొచ్చావు. ఎందుకంటే ఆ చోటు కానిస్టబుల్ వాళ్ల నాన్న పిండిమర పక్కనే! ఇంగ్లండులోని సఫోక్‌లో ఆయనకి మరలు, ధాన్యం వ్యాపారం. కొడుకు అదే చూసుకోవాలని పట్టు. ఎక్కడో విన్నట్టు లేదూ? మీ మిల్లులో బస్తాల మీద నువ్వు బొగ్గుతో వేసిన బొమ్మలు... సరే, ఆ "మూడో బస్తా" సంగతి ఇక్కడ ఎత్తను.

జాన్ ఏడాదిపాటు వాళ్ల గాలిమరలో పనిచేశాడు కూడా. చివరికి తమ్ముడు అబ్రామ్ వ్యాపారం అందుకున్నాడు, ఇతను 1799లో లండన్‌లో రాయల్ అకాడమీ అనే చిత్రకారుల సంస్థ బడిలో విద్యార్థిగా చేరాడు. కానీ మర వదిలినా మబ్బుల్ని వదల్లేదురా. గాలిమర తిప్పేవాడికి ఆకాశమే గడియారం కదా! లండన్ దగ్గరి హాంప్‌స్టెడ్‌లో ఉత్త మబ్బుల్నే బోలెడు వేసి, వెనక తేదీ, వేళ, గాలి ఎటు వీచిందో రాసుకునేవాడు. నువ్వు వాన ముందు డాబా ఎక్కి కూర్చున్నట్టే.

ఇంగ్లండులో 'హే వెయిన్' మొదట అమ్ముడుపోలేదు. 1824లో పారిస్‌లో సలోన్ అనే చిత్రప్రదర్శనలో మాత్రం బంగారు పతకం తెచ్చింది. ఇంటివాళ్లు పట్టించుకోకపోతే పొరుగువాళ్లు గుర్తించడం, అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటోంది.

ఇంకా అతను ప్రేమించిన మరియా సంగతి చెప్పాలి. ఆమె తాతకి ఈ సంబంధం ఇష్టం లేదు. ఆస్తి ఇవ్వనని బెదిరించాడు. ఏడేళ్లు ఉత్తరాలతోనే గడిపి 1816లో పెళ్లి చేసుకున్నారు. ఏడుగురు పిల్లలు. 1828లో ఆమె క్షయతో పోయింది. ఆ మరుసటి ఏడాదే అకాడమీ పూర్తి సభ్యత్వం ఇచ్చింది, 52 ఏళ్ల వయసులో, అదీ ఒక్క ఓటు తేడాతో! ఎవరికి చెప్పుకుంటాడు చెప్పు? ఆమె పోయాక నల్లబట్టలే కట్టాడట.

గ్యాలరీ బయటికొస్తే ఎదురుగా సెయింట్ మార్టిన్ చర్చి. వాళ్ల పెళ్లి అక్కడేరా! మెట్ల మీద కూర్చుని నీ గురించే... అయ్యో, పోస్టు డబ్బా తీసే వేళయింది. మిల్లు సంగతి మీ నాన్నగారితో మాట్లాడావా? వెంటనే రాయి.

నీ
రఘు