చిన్నా, ఆ 135 పారాచూట్‌కి ఇప్పుడే డబ్బు పంపకు

చిన్నా,

నిన్న రాత్రి నువ్వు పంపిన ఫోటో చూశా. నువ్వు కొందామనుకుంటున్న కటానా 135 పారాచూట్, అదే 135 చదరపు అడుగుల కానపీ, నీలం మీద తెల్ల చారలు, బాగుంది, నాకూ నచ్చింది. ఇదంతా ఫోన్లోనే చెప్దును గానీ నువ్వు "తెలుసమ్మా" అని మధ్యలో అందుకుంటావ్, నేను గొంతు పెంచుతా, తర్వాత ఇద్దరం రెండ్రోజులు మాట్లాడుకోం, అందుకని కూర్చుని టైప్ చేస్తున్నా, మొత్తం చదివి అప్పుడు చెయ్యి.

ముందు లెక్క చూద్దాం. నీ ఒంటి బరువు 175 పౌండ్లు, వీపున కట్టుకునే రిగ్గు, హెల్మెట్టు, బట్టలు, బూట్లు కలిపి ఇంకో పాతిక వేసుకో, మొత్తం 200. ఇప్పుడు నువ్వు ఎగరేస్తున్న సేబర్ 2 170 మీద అది చదరపు అడుగుకి 1.18 పౌండ్లు, ఆ 135 మీదకి వెళ్తే 1.48. జంపర్లలో చాలామంది వాడే ఒక మోటు లెక్క ఉంది కదా, 100 జంప్‌ల దగ్గర 1.0 పెట్టుకుని ఆపైన ప్రతి వందకీ 0.1 కలుపుకుంటూ పోవడం, ఆ లెక్కన 240 జంప్‌లకి నువ్వు ఉండాల్సింది 1.14 దగ్గర, అంటే ఇప్పుడున్న 170 మీదే నువ్వు గీత కొంచెం దాటి ఉన్నావ్. 1.48 అంటే దాదాపు 600 జంప్‌లు చేసిన మనిషి ఎగరేసేది. మిగతా 350 జంప్‌లు ఎక్కడ్నించి తెస్తావ్?

"ఫలానా వాడు 200 జంప్‌లకే ఎగరేస్తున్నాడు" అంటావ్, ఎగరేస్తున్నాడు నిజమే. 2014లో దుబాయ్‌లో ఎర్నెస్టో గైంజా అనే స్కైడైవర్ 35 చదరపు అడుగుల కానపీ మీద దిగాడు, మన హాల్లో పరిచిన తివాచీ కన్నా చిన్నది అది, కానీ ఆయన వెనకాల వేల జంప్‌లున్నాయి, ఆ ఒక్క ల్యాండింగ్ కోసమే బోలెడంత తయారీ ఉంది. వాళ్ళ వీడియో ఒక నిమిషం ఉంటుంది, దాని వెనక ఏళ్ళు ఆ నిమిషంలో కనపడవు.

సైజు ఒక్కటే చూడకు, ఆకారం కూడా మారుతోంది నీకు. సేబర్‌ని డైవ్‌లో పెట్టి వదిలేస్తే తొందరగానే తనంతట తానే తేరుకుని మామూలు ఎగురుడుకి వచ్చేస్తుంది. కటానా అట్లా రాదు, అది డైవ్‌లోనే చాలాసేపు ఉంటుంది, దాన్ని తయారుచేసిందే అందుకు. రికవరీ ఆర్క్ అంటారే, అదే. 170 మీద రెండొందల జంప్‌లు చేసిన నీ కళ్ళకి ఒక ఎత్తు అలవాటై ఉంటుంది, ఇక్కడ తిప్పితే అక్కడికి లెవెల్ అవుతా అని లోపల ఒక లెక్క తయారై ఉంటుంది, నీకు తెలీకుండానే. కొత్త కానపీ మీద అదే ఎత్తులో అదే తిప్పుడు తిప్పితే ఆ లెక్క నేల లోపలికి పోతుంది. కానపీ మార్చిన కొత్తల్లో ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే.

నా సంగతి నీకు సగమే తెలుసు, మిగతా సగం ఇప్పుడు చెప్తా.

2011లో నాకు 410 జంప్‌లు. 135 మీద నాలుగేళ్ళు ఎగిరా, మనిషిని చిన్నదాన్ని కదా, రిగ్గుతో కలిపి 155 పౌండ్లు, 1.15 పడేది. ఒకావిడ ఎలిప్టికల్ 107, అంటే కొసలు సన్నగా ఉండి చురుగ్గా తిరిగేది, అమ్మేస్తుంటే కొన్నా, 1.45 అయింది. అప్పుడు నాకు ఎవరూ సరిగ్గా చెప్పని మాట ఒకటుంది, 107 మీద 1.45, 170 మీద 1.45 ఒకటి కావు. చిన్న కానపీకి లైన్లు పొట్టిగా ఉంటాయి, మనిషి దగ్గరగా వేలాడతాడు, చెయ్యి అంగుళం కదిలినా విసిరికొడుతుంది. మొదటి 19 జంప్‌లు పువ్వుల్లో పెట్టినట్టు దిగా. ఇరవయ్యోది అక్టోబర్ శనివారం సాయంత్రం. నేను దిగడానికి చివరి వరసలో, ఫైనల్‌లో ఉన్నా, నూరడుగుల ఎత్తు ఉంటుందేమో, ఎడం పక్కనించి ఇంకొకతను నా దారిలోకి వచ్చాడు. నేను చెయ్యాల్సింది ఏంటో నాకు తెలుసు, రెండు టాగుల్స్, అదే తిప్పడానికి, ఆపడానికి చేత్తో లాగే పట్టీలు, సగం దాకా లాగి, ఒకటి కొంచెం వదిలి, బల్లపరుపుగా పక్కకి జరగాలి, ఫ్లాట్ టర్న్. తెలుసు. కానీ భయపడ్డ చెయ్యి తెలిసింది చెయ్యదురా, అలవాటైంది చేస్తుంది. నా కుడిచెయ్యి తొడ దాకా పోయింది. కానపీ నా తల మీద నుంచి పక్కకి వెళ్ళిపోయింది, ఆ ఎర్ర గుడ్డ వెనక ఆకాశం ఉండాల్సిన చోట చెట్లు కనపడ్డాయి, తర్వాత గడ్డి, ఒక్కొక్క పరక విడివిడిగా. మడమ, తుంటి ఎముక విరిగాయి. నీకు తొమ్మిదేళ్ళు, ప్యాకింగ్ మ్యాట్ మీద కూర్చుని చిప్స్ తింటున్నావ్, ఆ ప్యాకెట్ చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చావ్, అంబులెన్స్ వచ్చేదాకా దాన్ని వదల్లేదు నువ్వు. నాన్న నాలుగు నెలలు నన్ను బాత్రూమ్‌కి ఎత్తుకెళ్ళాడు. అమ్మమ్మకి ఫోన్లో మెట్ల మీద పడ్డానని చెప్పాం, ఆవిడ పోయేదాకా అదే నమ్మింది.

ఆ కానపీలో లోపం ఏమీ లేదు. ఒక్క లైన్ తెగలేదు, గుడ్డ చిరగలేదు. అమెరికాలో స్కైడైవింగ్‌లో 1970లలో ఏడాదికి సగటున 40 మందికి పైగా పోయేవారు, 2023లో 10 మంది, సామాన్లు అంత బాగుపడ్డాయి. కానీ ఇప్పుడు పోయేవాళ్ళలో చాలామంది తల మీద నిండుగా తెరుచుకున్న మంచి కానపీతోనే పోతున్నారు. పాడైన కానపీని వదిలించుకునే మూడు రింగుల రిలీజ్ కనిపెట్టిన బిల్ బూత్ ఎప్పుడో అన్నాడు కదా, సామాను ఎంత భద్రంగా తయారైతే జనం అంత ఎక్కువ సాహసం చేసి లెక్క సమం చేస్తారని. ఆయన పెట్టిన కంపెనీ ఫ్లోరిడాలో మీ డీల్యాండ్‌లోనే ఉంది, ఆ గేటు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఆ మాట గుర్తు చేసుకో.

ఆ నాలుగు నెలలు మంచం మీద ఉన్నప్పుడే రిగ్గర్ పుస్తకాలు, అంటే పారాచూట్లు మడిచి బాగుచేసే పనివి, పట్టుకున్నా. తెనాలిలో అమ్మమ్మ ఉషా మెషిన్ పక్కన పెరిగినదాన్ని, గుడ్డ, దారం, కుట్టు నాకు కొత్త కాదు, తర్వాత పరీక్షలు రాసి లైసెన్స్ తెచ్చుకున్నా, అప్పట్నుంచీ జనం రిజర్వ్‌లు, అదే ఆపదకి ఉంచుకునే రెండో కానపీలు, విప్పి మడుస్తూనే ఉన్నా. కాబట్టి ఇప్పుడు అమ్మగా కాకుండా రిగ్గర్‌గా ఆ కటానా గురించి చెప్తా.

అమ్మే అతను లైన్లు వెక్ట్రాన్ దారం అన్నాడు, దాని మీద 600 జంప్‌లు అన్నాడు, లైన్లు ఎప్పుడు మార్చాడో చెప్పలేదు. స్పెక్ట్రా దారం అయితే తెరుచుకునేటప్పుడు స్లైడర్ గుడ్డకుండే లోహపు రింగులు రాసుకుంటూ దిగే వేడికి కుంచించుకుపోతుంది, అందులోనూ స్టీరింగ్ లైన్లు ఎక్కువ కుంచించుకుంటాయి, అప్పుడు టాగుల్స్ పూర్తిగా వదిలేసినా తోక కొంచెం లాగిపట్టినట్టే ఉంటుంది. వెక్ట్రాన్ అట్లా కుంచించుకోదు, కానీ పీచు లేస్తుంది, చెప్పాపెట్టకుండా తెగుతుంది. టాగుల్ పైన రింగులోంచి జారే ముక్క ఉంటుంది చూడు, మొదట అరిగేది అదే. గోరు పెట్టి నిమిరితే పిల్లి తోకలా బొచ్చు తగిలిందంటే ఆ లైన్ పని అయిపోయినట్టే. దిగేముందు రెండు టాగుల్స్ లాగి వేగం ఆపే ఫ్లేర్ మధ్యలో బ్రేక్ లైన్ తెగితే ఒక పక్కే ఆగుతుంది, రెండో పక్క ముందుకి పోతుంది. పదడుగుల ఎత్తులో అది ఎట్లా ఉంటుందో నువ్వే ఊహించుకో.

లైన్ల కొలతల్లో తేడా గురించి నీకు నవ్వులాటగా ఉంటుంది, "అంగుళానికే ఏమవుతుందమ్మా" అంటావ్. సంక్రాంతికి డాబా మీద మావయ్య గాలిపటానికి సూత్రం కట్టడం చూశావ్ కదా, పైముడి నుంచి ఎంత, కిందముడి నుంచి ఎంత అని వేళ్ళతో కొలిచి కొలిచి కట్టేవాడు, అర అంగుళం తప్పితే అది గిరగిరా తిరిగి పక్కింటి మామిడిచెట్టులో పడేది. కానపీకీ అంతే, కాకపోతే ఆ దారం చివర నువ్వుంటావ్.

గుడ్డ కూడా చూడాలి. మధ్య సెల్ (గాలి నిండే గది) దగ్గర పై గుడ్డ పెదాలకి ఆనించి గట్టిగా ఊదు, కొత్త జీరో పోరాసిటీ గుడ్డలోంచి ఊపిరి బయటికి పోదు. గాలి జారుతుంటే అది అలిసిపోయిన గుడ్డ. లేబుల్ మీద తయారైన తేదీ ఫోటో తీసి పంపమను, పంపడానికి నసిగాడంటే ఇక మాట్లాడకు.

రిజర్వ్ సంగతి నువ్వు ఒక్క ముక్క రాయలేదు, నాకు కోపం వచ్చింది అక్కడే. మెయిన్ కానపీ చిన్నది కొంటే రెండూ మడిచి పెట్టే కంటైనర్ చిన్నది కొంటావ్, కంటైనర్ చిన్నదైతే అందులో పట్టే రిజర్వ్ కూడా చిన్నదే అవుతుంది. ఫ్రీఫాల్‌లో ఎవరి మోకాలో నీ తలకి తగిలి స్పృహ పోయిందనుకో, 750 అడుగుల దగ్గర సైప్రెస్ అనే ఆటోమేటిక్ పరికరం పనిచేసి రిజర్వ్ తెరుస్తుంది, బాగానే ఉంది, కానీ ఫ్లేర్ చెయ్యడానికి నువ్వు మేలుకుని ఉండవ్. అప్పుడు నిన్ను నేలకి దింపే గుడ్డ 126 అయితే 1.59, 160 అయితే 1.25. నా కొడుకు వీపు మీద 160కి తక్కువ రిజర్వ్ నేను ప్యాక్ చెయ్యను. ఇంకో రిగ్గర్ దగ్గరికి పోతా అంటావా, పో, నా మాట మాత్రం ఇంతే.

వదిలేసిన మెయిన్‌తోనే రిజర్వ్‌ని వెంటనే లాగించే స్కైహుక్ ఉంచుకో, తీసెయ్యకు. కటానా లాంటి ఎలిప్టికల్ మీద లైన్లు మెలిపడి లైన్ ట్విస్ట్ అయిందంటే 170 మీద లాగా తన్నుకుంటూ విప్పుకునే టైమ్ ఉండదు, స్పిన్‌లోకి వెళ్ళి నిన్ను వెల్లకిలా తిప్పేస్తుంది, ఎత్తు నీళ్ళలా కారిపోతుంది. మెయిన్ వదిలెయ్యాలో లేదో 1,800 అడుగులకి తేల్చుకోవాలి అన్నది కాయితం మీద రూల్, నువ్వు 2,500 పెట్టుకో.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చెప్తా. ఆ 170 మీదే ఉండి ఇవన్నీ చేసి చూపించు. 50 అడుగుల ఎత్తులో 90 డిగ్రీల ఫ్లాట్ టర్న్. ఫ్లేర్ మధ్యలో 45 డిగ్రీలు తిప్పడం. పక్కగాలిలో, గాలి అస్సలు లేనప్పుడు కూడా నిలబడి దిగడం. పది మీటర్ల గుండ్రంలో ప్రతిసారీ దిగడం, ఒక్కోసారి కాదు ప్రతిసారీ. వెనక రైజర్లతో, అదే లైన్లని భుజాలకి కలిపే పట్టీలతో, ల్యాండింగ్. ఇవి ముందు 5,000 అడుగుల నుంచి హాప్ అండ్ పాప్, అంటే దూకగానే తెరవడం, చేసి పైన నేర్చుకో, ఒక్కో తిప్పుడుకి ఎన్ని అడుగులు పోతోందో ఆల్టీమీటర్ చూసి నోట్‌బుక్‌లో రాయి, ఫోన్లో కాదు, నోట్‌బుక్‌లో, నేను చూస్తా. కానపీ కోర్సు B లైసెన్స్ కోసం ఒకసారి చేశావ్, ఇంకోసారి చెయ్యి, ఫీజు నేను కడతా.

అవన్నీ అయ్యాక సేబర్ 150 డెమో తీసుకో, ఫ్యాక్టరీ మీ ఊళ్ళోనే ఉంది, వాళ్ళు డెమోలు ఇస్తారు. 150 మీద 1.33, నీకు 430 జంప్‌లు దాటాక అది సరిపోతుంది. డిసెంబర్‌లో ఇక్కడ అరిజోనాలో ఎలోయ్‌కి వస్తావ్ కదా, అప్పుడు పక్కపక్కనే దిగుదాం, నువ్వు దిగే ప్యాటర్న్ నేను కింది నుంచి వీడియో తీస్తా. వేసవిలో మాత్రం ఇక్కడ మధ్యాహ్నం ఎక్కకు, ఎడారిలో సుడిగాలులు లేస్తాయి, దుమ్ము లేకపోతే కంటికి కూడా కనపడవు, 30 అడుగుల్లో కానపీ ఒక పక్క నలిగిపోతే ఎంత పెద్ద పైలట్‌కైనా చేతిలో ఏమీ ఉండదు. వేడికి గాలి పల్చబడి ల్యాండింగ్ కూడా స్పీడుగా వస్తుంది, ఫ్లోరిడాలో సముద్రమట్టం దగ్గర అలవాటైన నీకు ఆ తేడా తెలుస్తుంది.

కటానా ఎప్పటికీ వద్దనట్లేదు రా. నాకు కూడా ఆ ఎగురుడు ఇష్టం, పాదాలు గడ్డి మీద నుంచి జారిపోతుంటే ఆ చప్పుడు వినడం నాకు ఇప్పటికీ ఇష్టమే, తుంటి నొప్పితోనే మళ్ళీ ఎక్కా కదా 2013లో, 150 మీద, అమ్మమ్మ కన్నా నెమ్మదిగా. నువ్వు ఆ చోటికి చేరాలనే నా కోరిక, చేరేటప్పుడు రెండు కాళ్ళ మీద చేరాలి.

పార్శిల్ మంగళవారం వస్తుంది. సున్నుండలు పైడబ్బాలో ఉన్నాయి, కింద చిన్న జిప్ కవర్లో కంటైనర్‌ని మూసి పట్టే క్లోజింగ్ లూప్‌లు నాలుగు పెట్టా, నీ కంటైనర్‌కి కొలిచి కట్టినవే, పోయినసారి నీ లూప్ అరిగి మూడు పోగులే మిగిలింది, నువ్వు చూసుకోలేదు. అందగానే ఒకటి మార్చి, పాతది పారెయ్యకుండా ఫోటో తీసి పంపు.

అమ్మ