బూడిద అడిగిన పెద్దాయనకు

నిన్న సాయంత్రం హనుమకొండలో మా ‘పడుగు’ ప్రదర్శన అయిపోయింది. మగ్గం ఇంకా విప్పలేదు, తీగలు చుట్టలేదు. మూడు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. వేళ్ళ మీద నూలు కోసిన గీతలు మండుతున్నాయి. రేపు నిదానంగా రాద్దామంటే మనసు ఒప్పుకోవడం లేదు.

రాలేకపోయిన వాళ్ళ కోసం రెండు మాటలు. వేదిక మధ్యలో వరంగల్ కొత్తవాడలో దర్రీలు (నూలు జంపఖానాలు) నేసే మగ్గం ఉంటుంది. దాని పడుగు, అంటే నిలువు పోగులు, మామూలుగా చుట్టి ఉండదు. ఆరడుగుల వెడల్పున, 640 పోగులు, మగ్గం నుంచి వెనకాల పైన కట్టిన ఇనుప పైపు దాకా ఏటవాలుగా లాగి ఉంటాయి. ఆ పోగులే మా తెర. కథలు చెప్పడానికి గుడ్డ మీద గీసే చేర్యాల పటం బొమ్మలు ప్రొజెక్టర్ నుంచి వాటి మీద పడతాయి. పద్మశాలీలకు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పే కూనపులి కథకుడు ఒక పక్కన నిలబడి, వాళ్ళ మూలపురుషుడు భావనా రుషి తామర తూడు నుంచి నూలు తీసిన కథ చెబుతాడు. నేత మనిషి దువ్వెనలాంటి పంజాతో పేకను, అంటే అడ్డపోగును, దట్టిస్తుంటే ఆ దెబ్బను చిన్న మైకులు పట్టుకుంటాయి. ఆ దెబ్బకే మా పిల్లాడు కాకతీయుల కాలపు నృత్యం పేరిణి ఆడతాడు. మృదంగానికి అలవాటైన కాళ్ళు పంజాకు అలవాటు పడటానికి మూడు నెలలు పట్టింది. జాయప సేనాని రాసిన నాట్య గ్రంథం నృత్తరత్నావళినీ రామప్ప గుడి శిల్పాలనూ ముందు పెట్టుకొని నటరాజ రామకృష్ణ గారు పేరిణిని మళ్ళీ నిలబెట్టకపోతే మాకు ఆ అడుగే లేదు. ఆయనకు ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే.

గురువారం రాత్రికి పడుగు లాగడం పూర్తయింది. శుక్రవారం మధ్యాహ్నం అదే వేదిక మీద ఎవరికో సన్మాన సభ ఉందట. మాకు ఒక్క మాట చెప్పలేదు. సాయంత్రం ఏడింటికి వచ్చి చూస్తే మగ్గం మూలకు జరిపి ఉంది. ఫ్లెక్సీకి అడ్డం వచ్చాయని పోగులను బ్లేడుతో కోసేశారు. లెక్కపెడితే నాలుగు వందల పైన. కిందికి వేలాడుతున్న ఆ నూలు చూసి నాకు నోట మాట రాలేదు.

హాలు వాళ్ళను అడిగితే, “మీరు మగ్గం అని దరఖాస్తులో రాయలేదు కదా” అన్నారు. ఎక్కడ రాయాలి? దరఖాస్తులో నృత్యం, నాటకం, సంగీతం అని మూడు గళ్ళు ఉన్నాయి. మాది మూడూ అంటే ఏదో ఒకటి పెట్టుకోమన్నారు. చివరికి ‘ఇతరములు’ అని రాయించి, పెళ్ళి రిసెప్షన్‌కు వేసే అద్దె మాకు వేశారు. ఆ ఒక్క కాగితం కోసం నేను తొమ్మిది సార్లు తిరిగాను. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ప్రతి సభలో ఈ రెండు మాటలూ చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. అదే దర్రీ మగ్గాన్ని ఒక్క రోజు కదలకుండా ఉంచమంటే వేదిక మీద చోటు లేదు. ఈ కోపం నాకు ఇప్పట్లో పోదు.

సరే, అసలు విషయానికి వస్తాను.

మేము నలుగురం కూర్చొని తెగిన పోగులకు ముడులు వేయడం మొదలుపెట్టాం. మాతో వచ్చిన నేత అన్న అప్పటికే జ్వరంతో ఇంటికి వెళ్ళిపోయాడు. తొమ్మిదింటికి ఎనభై పోగులు కూడా కాలేదు. అప్పుడు ఒక పెద్దాయన ఖాళీ నీళ్ళ సీసా పట్టుకొని లోపలికి వచ్చాడు. ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్‌లో రాత్రి వాచ్‌మన్. రోజూ హాలు కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటాడట. నీళ్ళు పట్టుకొని వెళ్ళిపోకుండా అక్కడే నిలబడ్డాడు. తర్వాత చెప్పులు విడిచి వేదిక ఎక్కి, మగ్గాన్ని ముట్టుకొని కళ్ళకు అద్దుకున్నాడు.

“ముడి ఏస్తే లైటుకు కనవడతది బిడ్డా. మెలి ఏస్తే కనవడది. బూడిదున్నదా?”

బూడిద ఎందుకో నాకు అర్థం కాలేదు. వేళ్ళు జారకుండా, మెలి పట్టు వదలకుండా ఉండటానికట. హాల్లో బూడిద ఎక్కడ దొరుకుతుంది? వేదిక పక్కన నటరాజ విగ్రహం ముందు సాయంత్రం వెలిగించిన అగరుబత్తుల బూడిద ఉంది. దాన్నే కాగితంలోకి తీసిచ్చాను. ఆయన మా ముడులన్నీ విప్పించాడు. పడుగును జానెడు వదులు చేయించాడు. తర్వాత కింద కూర్చొని రెండు కొసలూ కలిపి బొటనవేలితో ఒక్కసారి తిప్పాడు. నేను దీపం పెట్టి చూసినా అతుకు ఎక్కడో తెలియలేదు.

కొత్తవాడలో పుట్టి పెరిగాడట. మగ్గం మీద గిట్టుబాటు కాక పద్నాలుగేళ్ళ కింద వదిలేశాడట. మా తాత వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేశాడని చెబితే తలెత్తి నా ముఖం చూశాడు, ఏమీ అనలేదు. అరగంటకోసారి లేచి కిటికీలోంచి తన గేటు చూసుకొని మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. పదకొండింటికి తన టిఫిన్ డబ్బా తెచ్చి, “తిన్నవా?” అని అడిగాడు. తిన్నానని అబద్ధం చెప్పాను. ఆయన నమ్మలేదు. జొన్న రొట్టె, పచ్చిపులుసు సగం నాకు పెట్టాడు.

తెల్లవారుజామున మూడు దాటాక ఆఖరి పోగు అయింది. పడుగు మీద అరచేయి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు నిమిరి, “పలుకుతున్నది” అన్నాడు. నేను పర్సు తీశాను. ఆయన దానివైపు చూడలేదు. చాలా మెల్లగా, నేను ఏమంటానో అన్నట్టు, “ఒక్కసారి కూసుండి నేయనా బిడ్డా?” అని అడిగాడు.

అంతవరకు నేను ఏడవలేదు. పోగులు కోసినప్పుడు కూడా ఏడవలేదు. అప్పుడు మాత్రం ఆగలేదు. రాత్రంతా నా పని చేసిన మనిషి నన్ను అనుమతి అడుగుతున్నాడు. ఆయన కూర్చున్నాడు. పంజా చేతికి తీసుకున్నాక ఆ వీపు నిటారుగా అయిపోయింది. నాలుగు వేళ్ళ వెడల్పు నేశాడు. ఎర్ర పేక, మధ్యలో ఒక నల్ల గీత. సౌండ్ చూసే తమ్ముడు అప్పటికి ఒక మూల నిద్రపోతున్నాడు కానీ మైకులు ఆన్‌లోనే ఉన్నాయి. ఆ దెబ్బలు రికార్డయ్యాయి. నిన్న ప్రదర్శన మొదట్లో, దీపాలు వెలగక ముందు, చీకట్లో మీరు విన్నది ఆ చప్పుడే.

ఆయన కోసం ముందు వరుసలో కుర్చీ ఉంచాను. డ్యూటీ ఉంటుందని ముందే అన్నాడు, రాలేదు. పేరు అడిగితే, “పేరెందుకు బిడ్డా” అన్నాడు. చెప్పి ఉన్నా ఆయనకు ఇబ్బంది కాకూడదని ఇక్కడ రాసేదాన్ని కాదు. బాపూ, మీరు నిలబెట్టిన పడుగు మీద నిన్న భావనా రుషి ముఖం ఒక్క గీత కూడా పడకుండా వచ్చింది. చూడటానికి మీరు లేరు.

అమ్మ, మా ఆయన, చెల్లె అన్నీ చూసుకున్నారు. వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. జ్వరం మాత్ర వేసుకొని వచ్చి ప్రదర్శనలో యాభై నిమిషాలు కదలకుండా నేసిన నేత అన్నకు, పేరిణి ఆడిన పిల్లాడికి, కథ చెప్పిన పెద్దలకు పాదాభివందనం.

ఇందాక మరిచిపోయాను: కాజీపేట నుంచి ప్రొజెక్టర్ బల్బు బండి మీద తెచ్చిచ్చిన తమ్ముడికి థ్యాంక్స్. నిచ్చెన ఇచ్చిన పక్క టెంట్ హౌస్ వాళ్ళకూ. శుక్రవారం రాత్రి తాళం వేయకుండా మాతో పాటు మేల్కొన్న హాలు స్వీపర్ అమ్మకు కూడా. ఆమె మీదికి మాట వస్తుందని తెలిసినా ఉంది.

అయ్యో, టీ అన్న. రెండు రాత్రుల టీ డబ్బులు ఇంకా ఇవ్వలేదు, ఈ సాయంత్రం వస్తున్నాను అన్నా. అక్కడి నుంచి అటే అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వెళ్తాను. ఆయన డ్యూటీ ఎనిమిదింటికి మొదలవుతుందట. ఆ నాలుగు వేళ్ళ దర్రీని మగ్గం మీద నుంచి కోసి కొసలు ముడేసి సంచిలో పెట్టుకున్నాను.