అమ్మ ట్రీట్‌మెంట్ మధ్యలో ఆగకుండా చూసిన మీ అందరికీ

పోయిన వారంతో అమ్మ ట్రీట్‌మెంట్ మొత్తం అయిపోయింది. అనుకున్న గడువులోపే పూర్తయిందని డాక్టర్ గారు చెప్పగానే అందరికీ ఫోన్లు చేశాను గానీ, ఎవరితో మాట్లాడినా ఏడుపొచ్చేసి చెప్పాల్సింది చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అమ్మది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ రేడియేషన్, అలా 25 సిట్టింగులు, దానితోపాటే వారానికోసారి సిస్‌ప్లాటిన్ కీమో, ఆ తర్వాత బ్రాకీథెరపీ అని లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్. మొదలుపెట్టిన రోజు నుంచి లెక్కేస్తే ఇదంతా 8 వారాల్లో అయిపోవాలి. మధ్యలో గ్యాప్ వస్తే మిగిలిపోయిన క్యాన్సర్ కణాలు మళ్ళీ పుంజుకుంటాయట, అందుకే ఎంత ఆలస్యమైతే జబ్బు లొంగే అవకాశం అంత తగ్గుతుందని మొదటిరోజే చెప్పారు. మిర్యాలగూడ దగ్గర పల్లెటూళ్ళో పొలం, బర్రెలు తప్ప వేరే లోకం తెలియని మనిషిని అన్ని వారాలు మూసాపేటలో మా ఫ్లాట్లో కూర్చోబెట్టి రోజూ రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. ఆస్పత్రికి తీసుకెళ్ళడమంటే నా ఒక్కదాని వల్ల అయ్యే పనే కాదు.

ముందుగా మా చిన్నమ్మకి. మొదటి వారంలోనే అమ్మ ఊరికి పోతానని పట్టుబట్టింది బర్రెల గురించే. పాలు ఎవరు పిండుతారు, గడ్డి ఎవరు వేస్తారు అని ఒకటే గొడవ. చిన్నమ్మ మా కొట్టం బాధ్యత మొత్తం తన మీద వేసుకుని, రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసి బర్రెలని చూపించేది. ఈనబోయే బర్రెని దగ్గరగా చూపించు అని అమ్మ అడిగితే ఫోన్ పట్టుకుని కొట్టమంతా తిరిగేది. ఆ కాల్ వచ్చిన రాత్రి అమ్మ కడుపునిండా తినేది. చిన్నమ్మా, నువ్వు లేకపోతే మందులు ఎంత మంచివైనా అమ్మ ఇక్కడ ఉండేది కాదు.

రేడియేషన్ టెక్నీషియన్ అన్నకి ఎంత చెప్పినా తక్కువే. మిషన్ ఎక్కే ముందు మూత్రానికి వెళ్ళొచ్చి, అర లీటరు నీళ్ళు తాగి, ఆపుకుని కూర్చోవాలి. మూత్రాశయం నిండితే పేగులు పైకి జరుగుతాయి, వాటి మీద రేడియేషన్ తక్కువ పడుతుంది. ఆ వయసులో ఆపుకోవడం ఎంత నరకమో అమ్మ ముఖం చూస్తే తెలిసేది. తొందరపడి ముందే తాగితే ఉండలేదు, ఆలస్యంగా తాగితే నిండదు. ఆ అన్న తన పని మధ్యలో బయటికొచ్చి వరుసలో ఇంకా ఎంతమంది ఉన్నారో చూసి, "పెద్దమ్మా, ఇప్పుడు తాగు" అని చెప్పి వెళ్ళేవాడు. చిన్న విషయంలా కనిపిస్తుందేమో గానీ, రేపు రాను అనే మాట అమ్మ నోటి నుంచి రాకపోవడానికి అదొక పెద్ద కారణం.

కీమో వార్డు సిస్టర్‌కి. ప్రతి కీమోకి ముందు రక్తపరీక్ష, కిడ్నీ కోసం క్రియాటినిన్ చూడాలి, రిపోర్టు లేకపోతే ఆ రోజు కీమో లేనట్టే. అమ్మకి తెలుగు తప్ప చదవడం రాదని తెలిసి, తర్వాతి పరీక్ష ఏ రోజో ఫైలు అట్ట మీద పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో రాసేది. జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రైనా సరే రావాలి అని కూడా అక్కడే రాసింది. అమ్మ ఆ అట్ట దిండు పక్కన పెట్టుకుని పడుకునేది.

హిమోగ్లోబిన్ పడిపోయి రక్తం ఎక్కించాలన్నప్పుడు గంటలో వచ్చేసిన మా ఆఫీసు తమ్ముళ్ళకి, ఉదయం పూట పర్మిషన్ ఇచ్చిన మా మేనేజర్ గారికి, ఆరోగ్యశ్రీ కాగితాల కోసం మమ్మల్ని తిప్పించకుండా చూసిన ఆరోగ్యమిత్రకి కూడా థాంక్స్.

మూడో వారం నుంచి విరేచనాలు మొదలయ్యాయి. అప్పటిదాకా మెట్రోలో లక్డీకాపూల్ దిగి ఆటో ఎక్కేవాళ్ళం, ఇక మెట్రో కుదరలేదు. రోజూ మమ్మల్ని స్టేషన్ దగ్గర ఎక్కించుకునే ఆటో అన్నే మూసాపేట దాకా వచ్చి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. దారిలో టాయిలెట్ ఎక్కడెక్కడ ఉందో ఆయనకి తెలుసు, అమ్మ అడగకముందే ఆపేవాడు. ఇంట్లో మా అత్తయ్య పప్పు, ఆకుకూరలు ఆపేసి మెత్తటి పెరుగన్నం, అరటిపండు, ఓఆర్ఎస్ అని టైం ప్రకారం పెట్టింది. కోడలి తల్లికి ఇంత చేసేవాళ్ళు ఎంతమంది ఉంటారో నాకైతే తెలియదు.

మధ్యలో బతుకమ్మ వచ్చింది. రెండు రోజులు పోయొస్తానని అమ్మ బట్టలు కూడా సర్దుకుంది. మా అపార్ట్‌మెంట్ అక్కలు వచ్చి తంగేడు, గునుగు పూలు అమ్మ ముందు పోసి, పేర్చడం మాకు సరిగ్గా రాదు, నువ్వే నేర్పించాలి అని కూర్చోబెట్టేశారు. మరుసటి రోజు సిట్టింగ్‌కి అమ్మ ఏమీ అనకుండా బయల్దేరింది.

మూడు నెలలకి స్కాన్ చేసి చూస్తామన్నారు. అప్పటిదాకా టెన్షన్ ఉంటుంది, ఉండనీ. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ట్రీట్‌మెంట్ మొదలవుతుంటే, ఊరి నుంచి రైల్లో వచ్చిపోవాల్సి ఉంటే, క్యాన్సర్ పేషెంటుకి స్లీపర్లో, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వచ్చేవాళ్ళకి 75 శాతం తగ్గుతుంది. దానికి ఆస్పత్రి సర్టిఫికెట్ కావాలి. ఎలా తీసుకోవాలో తెలియకపోతే నన్ను అడగండి, ఏ టైమైనా ఫర్వాలేదు.