పట్టెమంచాన్ని తిరిగి అల్లి ఇచ్చిన అన్నకు కృతజ్ఞతలు

మా నాన్నగారు ప్రభువునందు నిద్రించి నేటికి 76 రోజులు. 31 సంవత్సరాలు పల్లె సంఘాలలో పాస్టరుగా సేవ చేసిన ఆయనకు సొంత ఇల్లు లేదు. మందిరం పక్కన సంఘం ఇచ్చిన ఇంట్లో కాపురం, బదిలీ అయితే మరో ఊరిలో మరో మందిరం పక్కన మరో ఇల్లు. ఆయనతో పాటే ఆ ఇల్లూ పోయింది. కొత్త పాస్టరుగారి కుటుంబం బడులు తెరిచేలోపు అందులోకి రావాలి, అది న్యాయమే. నిన్న శనివారం అమ్మను ఎల్లారెడ్డి దగ్గరి ఆ ఊరి నుండి హైదరాబాదుకు, తమ్ముడి ఇంటికి తీసుకువచ్చాము. రెండు రాత్రులుగా నిద్ర లేదు, అయినా ఈ మాటలు ఈ రోజే రాయాలనిపించింది.

తమ్ముడు, మరదలు, మా వారు చేయవలసినదంతా చేశారు. నేను రాయవలసినది సామాను తెచ్చిన డీసీఎం వ్యాను డ్రైవరు అన్న గురించి. ఆయన ముస్లిం, మాకు ఏ పరిచయమూ లేనివారు, కిరాయి ఫోనులోనే మాట్లాడుకున్నాము. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

నాన్నగారు చివరి నాలుగు నెలలు పడుకున్నది తాతయ్య నాటి టేకు పట్టెమంచం మీద. తమ్ముడిది నాలుగో అంతస్తు, లిఫ్టులో అది పట్టదు, గది కూడా చిన్నది. అందుకే దానిని అక్కడే వదిలేద్దామని మేమిద్దరం ముందే అనుకున్నాము. అమ్మ కాదనలేదు. మంచం పట్టె మీద చేయి వేసి నిలబడింది, అంతే. మేము చూసీ చూడనట్టు అట్టపెట్టెలు కట్టుకుంటూ ఉంటే, ఆ అన్న మాత్రం చూశారు. “ఇల్లు మారితెనే నిద్ర రాదు, మంచం గూడ మారితె ఎట్లమ్మా?” అని, ఎవరూ అడగకుండానే నవారు విప్పి చుట్ట చుట్టి, ఏ కోడుకు ఏ పట్టె బిగించాలో గుర్తుండేలా బొగ్గుతో గీతలు పెట్టి, విడదీసి బండిలో అన్నింటికంటే పైన, వాన పడకుండా పట్టా కింద పెట్టారు.

దారిలో మెదక్ వచ్చేసరికి అమ్మ చర్చి వైపు తల తిప్పింది. మా సంఘం వేరే అయినా అమ్మానాన్నల పెండ్లిచూపులు జరిగినది ఆ ఆవరణలోనే, ఒక క్రిస్మస్ నాడు. కరువు కాలంలో అక్కడ రాళ్లు మోసి అన్నం తిన్నవారిలో అమ్మ ముత్తాత ఒకరు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ మందిరానికి నూరేళ్లు నిండినప్పుడు నాన్నగారు మమ్మల్నందరినీ అక్కడికి తీసుకువెళ్లారు. అమ్మ ఏమీ అడగలేదు. అన్నే బండి ఆపి, “పోయి రాండ్రి, నేనుంట” అన్నారు. ముప్పావు గంట ఆగారు. తెల్లవారుజామున బోయిన్‌పల్లి మార్కెట్ నుండి ఆయనకు మరో కిరాయి ఉందని మాకు తరువాత తెలిసింది.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది. కోళ్లూ పట్టెలూ మెట్ల మీదుగా నాలుగు అంతస్తులు మోసి, నేల మీద కూర్చుని, మోకాలు పట్టెకు ఆనించి, పదకొండున్నర దాకా నవారు అల్లారు. అవతలి కొస అమ్మ పట్టుకుంది. పొద్దుటి నుండి ఒక్క మాటా మాట్లాడని అమ్మ, ఏటా ఎండాకాలంలో నాన్నగారు ఈ నవారును ఎలా బిగించేవారో ఆయనకు చెబుతూ ఉంటే విని నేను వంటగదిలోకి వెళ్లిపోయాను. సమాధి దగ్గర రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఒప్పుకున్నదానికి మించి ఆయన ఒక్క రూపాయి తీసుకోలేదు. అమ్మ ఆయన తల మీద చేయి పెట్టి ప్రార్థన చేస్తే, రెండు అరచేతులూ తెరిచి పట్టుకుని నిలబడ్డారు.

ప్రతి బదిలీకి ముందు రాత్రి నాన్నగారు, ఎక్కడికి వెళ్లాలో తెలియకుండానే దేవుని మాట మీద బయలుదేరిన అబ్రాహాము భాగాన్ని చదివేవారు. మేము ట్రంకుపెట్టెల మీద కూర్చుని వినేవాళ్లం. శుక్రవారం రాత్రి అమ్మ అదే చదివింది. నేను ఆమెన్ అనలేకపోయాను. ఈ 76 రోజులూ నాకు దేవుని మీద కోపమే ఉంది, దాచను. నిన్న రాత్రి ఆ మంచం దగ్గర అమ్మతో కలిసి ఆమెన్ అన్నాను.

ఒక బాధ మాత్రం చెప్పక తప్పదు. సమాధి కార్యక్రమం జరిగిన పదకొండో రోజునే ఇల్లు ఖాళీ చేయవలసిన తేదీతో ఉత్తరం వచ్చింది, పీఎఫ్ కాగితం మాత్రం ఇంతవరకు కదలలేదు. సేవా రికార్డులలో నాన్నగారి బాప్తిస్మం పేరు, ఆధార్‌లో తాతయ్య పెట్టిన పేరు. ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ తెమ్మంటే తెచ్చాము. ఇప్పుడు మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు తేడాగా ఉందంటున్నారు. అమ్మ మూడుసార్లు బస్సెక్కి వెళ్లి వచ్చింది. 31 ఏళ్లు అదే పేరు మీద బదిలీ ఉత్తర్వులు పంపినప్పుడు రాని అనుమానం ఆయన భార్యకు ఇవ్వవలసి వచ్చినప్పుడు ఎందుకు వచ్చింది? సేవలో ఉన్నవారందరూ దయచేసి ఇప్పుడే మీ పేర్లు సరిచేయించుకోండి, నామినీ వివరాలు నింపండి.

మరచిపోయాను, ఆ అన్నతో వచ్చిన కుర్రవాడు బీరువా మోస్తూ వేలు నలుగగొట్టుకున్నాడు, అతనికి క్షమాపణతో కూడిన కృతజ్ఞతలు. అఫిడవిట్ టైపు చేసి డబ్బు తీసుకోని జిరాక్స్ షాపు అక్కకు, శనివారం పొద్దున్నే అందరికీ ఉప్మా పంపిన సంఘపెద్ద గారింటివారికి కూడా. కిరాణా కొట్టు పెద్దయ్య మా కుక్కను తన దగ్గర ఉంచుకున్నారు. పెద్దయ్యా, అది రాత్రిపూట పెరుగన్నం తప్ప మరేమీ ముట్టదు, చెప్పడం మరిచాము.