వెళ్ళానా, వెళ్ళనా?

సంపాదకుడు గారికి,

పిల్లలు మెసేజ్‌ల్లో పొట్టి పొట్టి మాటలు రాసి భాషను పాడు చేస్తున్నారని పెద్దవాళ్ళు అనడం వింటూనే ఉన్నాం. నాకు ఆ బాధ లేదు. మాటకు ఇంత అని డబ్బు కట్టి టెలిగ్రాం ఇచ్చిన మా నాన్న తరం కూడా మాటలు మింగేసే రాసింది. నా బాధ వేరు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, దీర్ఘాలు పోగొట్టి, మళ్ళీ ఆ ముక్క పట్టుకునే అవతలి మనిషి ఎలాంటివాడో తేల్చేస్తున్నాం.

నాన్న మదనపల్లెలో ఉంటారు, నేను ఇక్కడ బెంగళూరు మారతహళ్ళిలో. ఛాతీలో మంటగా ఉందంటే గుండె డాక్టరుకు చూపించుకోమని వారం రోజులు పోరాను. ఒక రాత్రి తొమ్మిది దాటాక మెసేజ్ వచ్చింది, ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ క్యాపిటల్సే: 'డాక్టర్ దగ్గరికి', ఆ తర్వాత వి, ఇ, రెండు ఎల్‌లు, ఎ, ఎన్, యు. నేను 'వెళ్ళను' అని చదువుకున్నాను. ఆ క్యాపిటల్స్ చూస్తే కోపంగా అరిచినట్టే ఉంది. ఫోన్ చేస్తే స్విచాఫ్, పడుకునే ముందు ఆయన రోజూ ఆపేస్తారు. మొండిమనిషి, ఎవరి మాటా వినరు అనుకుంటూ రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోలేదు. పొద్దున ఫోన్ ఎత్తగానే అరిచేశాను. అంతా విని, "వెళ్ళానమ్మా, ఈసీజీ కూడా తీశారు, బాగానే ఉందన్నారు" అన్నారు. క్యాపిటల్స్ ఎందుకంటే, చిన్న అక్షరాలు కళ్ళకు ఆనడం లేదట.

ఒక్క దీర్ఘం. అది ఉంటే పని అయిపోయినట్టు, లేకపోతే చేయనని మొండికేసినట్టు. చెప్పాను, చెప్పను. పంపాను, పంపను. మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ గ్రూపులో ఒకాయన మెయింటెనెన్స్ 'కట్టాను' అని పెడితే ఇంకొకాయన 'కట్టను' అని చదివి, మరి ట్యాంకర్ నీళ్ళు మాత్రం కావాలా అని అందరి ముందూ అడిగేశారు. డబ్బు కట్టినాయన ఇప్పుడు ఆ గ్రూపులో లేరు.

ఈ అలవాటు ఊరికే రాలేదు. ఒక ఎసెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పట్టేవి, తెలుగైతే 70. అందులోనూ గుణింతం, వత్తు విడివిడిగా లెక్కకొస్తాయి, 'వెళ్ళాను' అన్న ఒక్క మాటకే 8 పోతాయి. పైగా చాలా ఫోన్లలో తెలుగు రాస్తే అక్షరాల బదులు డబ్బాలు కనపడేవి. అప్పుడు గతి లేదు. ఇప్పుడు వాట్సాప్‌లో ఆ లెక్క ఎక్కడుంది?

ఓకే అనడానికి ఒక్క 'కె' అని జవాబిచ్చే మా చెల్లెలిది పొగరు కాదు, సిల్క్ బోర్డ్ దగ్గర బస్సులో నిలబడి ఒంటిచేత్తో కొడుతుంది. మా అబ్బాయికేమో వాక్యం చివర చుక్క పెడితే అవతలివాళ్ళకు కోపమొచ్చినట్టట. అది వీడి వింత అనుకున్నాను గానీ, 2015లో అమెరికాలో బింగ్‌హామ్టన్ యూనివర్సిటీ వాళ్ళు కాలేజీ విద్యార్థులకు మెసేజ్‌లు చూపించి అడిగితే, చుక్కతో ముగిసిన జవాబు అంత మనస్ఫూర్తిగా లేదనిపించిందట, అదే చేతిరాతలో చూపిస్తే ఆ తేడా కనపడలేదట. మా నాన్నకు బళ్ళో చుక్క పెట్టకపోతే దెబ్బలు పడేవి. ఆయన చుక్కలో కోపం వెతికితే ఎలా?

ఇక్కడి తెలుగు సంఘాలకు, గ్రూపులు నడిపేవాళ్ళకు నా మనవి ఒకటే. నీళ్ళు, డబ్బు, మందులు, ఆస్పత్రి, వీటి గురించి పెట్టేటప్పుడు మాట పూర్తిగా, తెలుగు లిపిలోనే పెట్టండి. స్నేహితులతో ఎలా రాసుకున్నా ఎవరికీ నష్టం లేదు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులో పడే కీబోర్డు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతుంది, మైకు నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుంది. చాలామంది పెద్దవాళ్ళకు ఈ సంగతే తెలియదు. మీ పత్రికలో ఒక చిన్న బాక్సు కట్టి, దాన్ని ఎలా పెట్టుకోవాలో బొమ్మలతో వేయండి, కొంచెం పెద్ద అక్షరాల్లో. మా నాన్నలాంటివాళ్ళు కత్తిరించి దాచుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మారతహళ్ళి, బెంగళూరు