రేడియో సంఘంలో శ్రోతకు చోటేది?

సంపాదకులు గారికి నమస్కారం.

చంద్రగిరిలో మాకు రేడియోలు, మిక్సీలు, ఫ్యాన్లు రిపేరు చేసే షాపు ఉంది. మా నాన్న మొదలుపెట్టాడు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. తిరుపతి దగ్గరి ఒక కమ్యూనిటీ రేడియోకి (చుట్టుపక్కల ఊళ్ల కోసం ఊళ్లవాళ్లే నడుపుకునే చిన్న ఎఫ్ఎం స్టేషన్‌కి) తొమ్మిదేళ్లుగా ట్రాన్స్‌మిటర్, యాంటెన్నా పనులు చేసిపెడుతున్నాను. వారానికో సాయంత్రం మైకు ముందు కూడా కూర్చుంటాను. జీతం లేదు, నేనూ అడగలేదు. మన ప్రాంతంలోని చిన్న రేడియోలన్నీ కలిసి పెట్టుకున్న సంఘం ఇప్పుడు రాబోయే మూడేళ్లకు ప్రణాళిక వేస్తోంది. దాని గురించే ఈ ఉత్తరం.

పోయిన నెల ఆ సంఘం సమావేశం తిరుపతిలో ఒక హోటల్లో జరిగింది. మైకు సెట్టు చూడమని పిలిస్తే వెళ్లి, రోజంతా వెనక కుర్చీలో కూర్చుని విన్నాను. ప్రభుత్వ ప్రకటనలు రాబట్టుకోవడం, వెబ్‌సైటు, యాప్, కొత్త స్టేషన్లను చేర్చుకోవడం గురించి మాట్లాడారు. అన్నీ కావలసినవే. 2024లో కేంద్రం నిబంధనలు మార్చి, గంటకు 7 నిమిషాలున్న ప్రకటనల సమయాన్ని 12 నిమిషాలు చేసింది. పది సెకన్ల ప్రకటన రేటు 52 రూపాయల నుంచి 74కి పెరిగింది. ఒక్క స్టేషను వెళ్లి అడిగితే పట్టించుకోని ఆఫీసులు అందరూ కలిసి అడిగితే పట్టించుకుంటాయి. అందుకైనా సంఘం ఉండాలి, బలంగా ఉండాలి. అయితే ఆ రోజు సాయంత్రం దాకా శ్రోతల ప్రస్తావన వచ్చింది రెండే సార్లు. సంఘంలో సభ్యత్వం లైసెన్సు ఉన్న సంస్థలకే. మైకు ముందు కూర్చునే వలంటీర్లకు లేదు, వినేవాళ్లకు అసలే లేదు.

మా షాపు డ్రాయర్లో నాన్న రేడియో లైసెన్సు పుస్తకం ఇంకా ఉంది. అట్ట మీద సోల్డరింగు పేస్టు మరక, లోపల వరసగా అంటించిన స్టాంపులు, వాటి మీద పోస్టాఫీసు ముద్రలు. అప్పట్లో ఇంట్లో రేడియో ఉంటే ఏటా డబ్బు కట్టాల్సిందే. నాన్న అది భారమనుకోలేదు. డబ్బు కట్టాను కాబట్టి అడిగే హక్కు ఉందని కడప ఆకాశవాణికి కార్డులు రాసేవాడు. వేరుశనగ తెగుళ్ల గురించి చెప్పండి, హరికథ ఇంకో అరగంట పెంచండి అని. జవాబు వచ్చిన రోజు ఆ కార్డు షాపుకొచ్చిన వాళ్లందరికీ చూపించేవాడు.

శ్రోతలను ఊరికే వినేవాళ్లుగా వదిలేస్తే ఏమవుతుందో 2021 నవంబరులో నేను కళ్లారా చూశాను. వరదలొచ్చి తిరుపతి వీధులు ఏరులైన రోజులవి. రామచంద్రాపురం మండలం రాయలచెరువు కట్టకు గండి పడేలా ఉందని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. మా అక్కవాళ్లది ఆ చెరువు కింది పల్లె. ఆ రాత్రి నాలుగుసార్లు ఫోన్ చేసింది. ‘కట్ట తెగిపోయిందని వాట్సాప్‌లో వస్తా ఉంది, నిజమేనా, నీకు రేడియోవాళ్లు తెలుసు కదా’ అని ఒకటే టెన్షన్. అదే సమయంలో మా స్టేషన్లో పాటలు మోగుతున్నాయి.

కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చదవకూడదు, ఆకాశవాణి వార్తలను ఉన్నదున్నట్టు వేయాలి, నిజమే. కానీ వాతావరణం, వరదలు, కరెంటు, తాగునీరు, ఆరోగ్య హెచ్చరికల్లాంటివి నిబంధనల ప్రకారం వార్తల కిందికి రావు. నిక్షేపంగా చెప్పవచ్చు. చెప్పే వీలుండి కూడా మేం చెప్పలేకపోయాం. ఎందుకంటే ఆ కట్ట దగ్గర ఎవరిని అడగాలో మా దగ్గర ఒక్క పేరు లేదు, ఒక్క నంబరు లేదు. ఊరికి ఇద్దరు శ్రోతలు సభ్యులుగా నమోదై ఉంటే వాళ్లను అడిగి, అధికారులతో సరిచూసుకుని, పది నిమిషాల్లో ‘కట్ట ఇంకా నిలిచే ఉంది, భయపడవద్దు, కానీ ఇళ్లకు తిరిగి పోవద్దు’ అని చెప్పి ఉండేవాళ్లం. సభ్యత్వ పుస్తకం అంటే నా దృష్టిలో ఆ పేర్లే. 2025 వేసవిలో తోతాపురి మామిడికాయకు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తాయని ప్రకటించాక గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రాత్రీపగలూ బారులు తీరినప్పుడు కూడా, ఎక్కడ ఎంత రద్దీ ఉందో చెప్పే మనుషులు మాకు లేరు.

ఇంకో సంగతి. మా దగ్గరి పల్లె నుంచి ఒక అవ్వ రేడియో రిపేరుకు తెచ్చింది. వెనక మూత పోయింది. బ్యాటరీలు పడిపోకుండా సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టింది. స్పీకరు అట్టను ఎలుక కొరికేసింది. కొత్త స్పీకరు వేసి మా స్టేషను పెట్టి వినిపిస్తే, నా గొంతు గుర్తుపట్టి ‘నువ్వేనా నాయనా, నువ్వు ఆరింటికి మాట్లాడితే మేం యాడ వినేది, అది పాలు పిండే పొద్దు కదా’ అంది. ఎన్నో ఏళ్లుగా పాడి రైతుల కార్యక్రమం సరిగ్గా పాలు పోసే వేళకే వేస్తూ వచ్చాం! ఒక్కరినీ అడగలేదు. ఏడున్నరకు మార్చిన వారం నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

అందుకని సంఘం పెద్దలను నేను కోరేది ఒకటే. శ్రోతలకు, వలంటీర్లకు సభ్యత్వం ఇవ్వండి, కార్యవర్గంలో వాళ్లకూ చోటు పెట్టండి. ఏడాదికి వంద రూపాయలు చాలు. ఒక స్టేషను పరిధిలో 500 మంది చేరితే 50 వేలు. ప్రకటన బిల్లు ఆలస్యమైన ఏడాది ఇన్వర్టరు బ్యాటరీలకు అది పనికొస్తుంది. సంఘం బైలాలు (నియమావళి) ఒప్పుకోవంటే సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి మార్చుకోవచ్చు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. మెదక్ ప్రాంతంలో 2008లో మొదలైన సంగం రేడియోను దళిత మహిళలే నడిపి చూపించారు.

సభ్యులను చేర్చుకోవడానికి హోటళ్లు అక్కర్లేదు. మన జిల్లాల్లో పల్లె పల్లెనా మహాభారతం జరుగుతుంది. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం. మధ్యాహ్నం భారతం మిట్ట మీద పందిట్లో కూర్చునే అవ్వలు, తాతలే మనకు అసలైన శ్రోతలు. అక్కడ ఒక బల్ల వేసుకుని కూర్చోండి, వాళ్ల గొంతులు రికార్డు చేయండి, పేర్లు రాసుకోండి. ఫోన్లో ఎఫ్ఎం వినాలంటే వైరున్న ఇయర్‌ఫోన్ గుచ్చాలని, ఆ వైరే యాంటెన్నా అని చాలామందికి తెలియదు. కొన్ని కొత్త ఫోన్లలో ఎఫ్ఎం ఉండదు కూడా. అక్కడే కూర్చుని చూపించవచ్చు. మన చిన్న ట్రాన్స్‌మిటరు మహా అయితే పది పన్నెండు కిలోమీటర్లు పోతుంది, మధ్యలో కొండ అడ్డమొస్తే అదీ లేదు. సిగ్నలు ఎక్కడ అందుతుందో, ఎక్కడ బుస్సుమంటుందో ఊరూరూ తిరిగితేనే తెలుస్తుంది. పనబాకం, పాకాల వైపు నా బండి మీద తిరిగి కొంత రాసిపెట్టాను. ఎవరడిగినా ఆ కాగితాలు ఇస్తాను.

సంఘం ఈ పని మొదలుపెడితే, మూలన పడేసిన రేడియోలను ఆ పందిళ్ల దగ్గరే బాగుచేసి ఇస్తాను. స్పీకరుకో, కండెన్సరుకో అయిన ఖర్చు ఇస్తే చాలు, నా కూలి వద్దు.

ఇట్లు,
ఒక రేడియో మెకానిక్,
చంద్రగిరి, తిరుపతి జిల్లా